గడ్డ తీసేశాక నానో కీమో దేన్ని వెతుకుతుంది?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ఎడమ రొమ్ములో క్యాన్సర్. ఆపరేషన్ అయింది. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అని ఉంది. ఎర్ర మందు కీమో నాలుగు సైకిళ్లలో మూడు అయ్యాయి. ఆ తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్, మొత్తం 12 డోసులు ఇస్తామన్నారు. అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. జుట్టు రాలిపోయింది, నోట్లో పుండ్లు, అన్నం వాసన వస్తే చాలు లేచి వెళ్లిపోతోంది. మా బాబాయి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. నానో రేణువులు మందును నేరుగా గడ్డలోకి మోసుకెళ్తాయట, ఒంట్లో ఇంకెక్కడా తగలదట. సిటీలోనే ఒక సెంటర్‌కి ఫోన్ చేస్తే, "టార్గెటెడ్ నానో కీమో, గైడెడ్ మిసైల్ లాంటిది, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, ప్యాకేజీ ఆరు లక్షలు, ఆరోగ్యశ్రీ వర్తించదు, ఈ వారంలో అడ్వాన్స్ కట్టండి" అన్నారు. ఎర్ర మందు గుండెను పాడుచేస్తుందని కూడా భయపెట్టారు. నాలుగో సైకిల్ ఆపేసి అక్కడికి తీసుకెళ్లమంటారా? డబ్బు ఎలాగోలా సర్దుకుంటాం.
— ఒక కూతురు, మల్కాజిగిరి

సమాధానం: అమ్మా, నాలుగో సైకిల్ ఆపొద్దు. అడ్వాన్స్ కట్టొద్దు. మిగతాదంతా తీరిగ్గా చదవండి.

మీ ఉత్తరంలో ఆ సెంటర్‌వాళ్లు పట్టించుకోని మాట ఒకటుంది: "ఆపరేషన్ అయింది." అంటే గడ్డ ఇప్పుడు అమ్మ ఒంట్లో లేదు. పాథాలజీ ల్యాబ్‌లో మైనపు దిమ్మలో పోతపోసి, మీద నంబరు వేసి, అరలో పెట్టి ఉంది. మరి మందును "నేరుగా గడ్డలోకి" పంపుతామంటున్నవాళ్లు ఏ గడ్డలోకి పంపుతారు? ఫోన్‌లో వాళ్లు ఆపరేషన్ అయిందా లేదా అని అడిగారా? అడగకుండానే ప్యాకేజీ రేటు చెప్పి ఉంటే, వాళ్ల గురించి మీకు తెలియాల్సింది అప్పుడే తెలిసిపోయింది.

ఆపరేషన్ తర్వాత కీమో ఎందుకిస్తారంటే, గడ్డ ఉన్న రోజుల్లోనే కొన్ని క్యాన్సర్ కణాలు రక్తంలోకో లింఫ్‌లోకో జారి, ఎముకలోనో లివర్‌లోనో కుదురుకుని ఉండొచ్చని. అవి ఏ స్కాన్‌కీ దొరకవు. ఎక్కడున్నాయో, అసలు ఉన్నాయో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకే మందు ఒళ్లంతా తిరగాలి. జుట్టు రాలడం, నోరు పూయడం కూడా అలా తిరగడం వల్ల వచ్చినవే. మీ అమ్మ పడుతున్న బాధను తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. వీడియోలో చెప్పిన "ఇంకెక్కడా తగలదు" అన్న గుణం మీ అమ్మ విషయంలో గుణమే కాదు, లోపం.

అయితే నానో మందులు బూటకమని అనుకోకండి. అవి నిజంగా ఉన్నాయి, మన ఊళ్లో డే కేర్ వార్డుల్లో రోజూ ఎక్కిస్తున్నారు కూడా. ఇబ్బందల్లా, నిజమైన సైన్స్‌లోంచి సగం వాక్యం తీసుకుని మిగతా సగం దాచిపెట్టి అమ్మేవాళ్లతోనే.

దాచిన సగం చెబుతాను. 1986లో జపాన్‌లో మాట్సుమురా, మాయెదా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక విషయం గమనించారు. గడ్డ ఆదరాబాదరాగా పెంచుకున్న రక్తనాళాల గోడల్లో సందులుంటాయి. మామూలు రక్తనాళంలోంచి బయటికి రాలేని పెద్ద రేణువులు ఆ సందుల్లోంచి గడ్డలోకి కారతాయి. లింఫ్ కాలువలు సరిగా ఉండవు కాబట్టి అక్కడే నిలిచిపోతాయి. దీని ఆధారంగా, ఎర్ర మందు డాక్సోరుబిసిన్‌ను 100 నానోమీటర్ల లోపు కొవ్వు బుడగల్లో నింపి, పైన పెగ్ అనే పాలిమర్ పూత వేసి తయారుచేసిన 'డాక్సిల్'కు 1995లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అంటే వీడియోలో "నిన్న మొన్న కనిపెట్టారు" అన్నట్టు చూపిస్తున్న దానికి ముప్పై ఏళ్లు నిండాయి. 2012లో అమెరికాలో డాక్సిల్ కొరత వస్తే మన సన్ ఫార్మా తయారుచేసే లైపోడాక్స్‌ను తాత్కాలికంగా దిగుమతి చేసుకున్నారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ జెనరిక్‌కు అక్కడ పూర్తి అనుమతే ఇచ్చారు. ఇక తార్నాకలోని కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధనా సంస్థ ఐఐసీటీలో ఇలాంటి కొవ్వు బుడగల మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. ఇవన్నీ బహిరంగంగా ఉన్న విషయాలు. ఆరు లక్షలు పోసి కొనుక్కోవాల్సిన రహస్యం ఏదీ లేదు.

ఇక ఆ మిసైల్. కంచన్‌బాగ్‌లో మిసైళ్లు తయారుచేసే ఊళ్లో ఉంటున్నాం కాబట్టి ఆ పోలిక మనకు ఇట్టే ఎక్కుతుంది. కానీ మిసైల్‌కు ఇంజిన్ ఉంటుంది, దారి మార్చుకునే రెక్కలుంటాయి. నానో రేణువుకు అవేవీ లేవు. రక్తం ఎటు తోస్తే అటు పోతుంది. దారిలో లివర్, ప్లీహం ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన రేణువులను పట్టి మింగే కణాలు వాటి నిండా ఉంటాయి. ఎక్కించిన మందులో పెద్ద వాటా అక్కడే ఆగిపోతుంది. టొరంటోలోని ఒక బృందం పదేళ్ల పాటు వచ్చిన పరిశోధనా పత్రాలను జల్లెడ పట్టి 2016లో ఒక లెక్క తేల్చింది: జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డ దాకా చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. నూటికి ఒకటి కూడా కాదు. ఆ లెక్క వేసిన పద్ధతి మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఉంది. మామూలు కీమో మందు కూడా గడ్డలోకి చేరేది కొంచెమే. ఆ మాటా చెప్పాలి. అయినా "మొత్తం గడ్డలోకే" అనడానికీ ఈ సంఖ్యకూ ఎంత దూరమో మీరే చూడండి. పైగా ఎలుకలో గడ్డ కొన్ని వారాల్లోనే ఆ ఎలుక సైజుకు చాలా పెద్దదైపోతుంది, దాని నాళాలు బాగా కారతాయి. మనిషిలో గడ్డ ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. ఒకే మనిషిలో రెండు గడ్డలున్నా, వాటిలో ఒకటి కారొచ్చు, రెండోది కారకపోవచ్చు. ఇక ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపున్న కణాల గుంపుకు సొంత రక్తనాళాలే ఉండవు. మీ అమ్మ ఒంట్లో ఏవైనా మిగిలి ఉంటే అవి ఆ సైజువే.

"టార్గెటెడ్" అంటే ఇంకో మెట్టు పైకి. రేణువు మీద యాంటీబాడీనో, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే మరో అణువునో అతికిస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ అణువు రేణువును రక్తంలోంచి గడ్డ వైపు లాగదు. అదృష్టవశాత్తూ కణం పక్కకు చేరాకే దాన్ని పట్టుకోగలదు. ఈలోగా రక్తంలోని ప్రొటీన్లు ఆ అణువుల మీద పొరలా పేరుకుని కప్పేస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీదుండే పీఎస్ఎంఏ అనే ప్రొటీన్‌ను గురిపెట్టి, డోసిటాక్సెల్ అనే కీమో మందు నింపిన బైండ్-014 రేణువుల మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నారో చెప్పలేను. దాన్ని తయారుచేసిన కంపెనీ 2016లో దివాలా పిటిషన్ వేసింది. కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే హెర్2 ప్రొటీన్‌ను గుర్తుపట్టే ఎంఎం-302 అనే డాక్సోరుబిసిన్ బుడగల ట్రయల్‌ను కూడా అదే ఏడాది ఆపేశారు, మామూలు చికిత్స కంటే మేలు కనబడేలా లేదని. ఇలా గురిపెట్టే అణువు అతికించిన కీమో నానో రేణువు ఏదీ ఇంతవరకు ఎఫ్‌డీఏ ఆమోదం దాకా రాలేదు. అమెరికాలో కోట్ల డాలర్లు పోసినా కుదరనిది మన సిటీలో ఆరు లక్షల ప్యాకేజీలో ఎలా దొరుకుతుందో ఆ సెంటర్‌వాళ్లే చెప్పాలి.

(యాంటీబాడీకి నేరుగా కీమో మందును తగిలించే ఏడీసీలు వేరే జాతి. వాటికి అనుమతులున్నాయి, బాగా పనిచేస్తున్నాయి కూడా. టీ-డీఎం1 2013లోనే వచ్చింది, హెర్2 పాజిటివ్ ఉన్నవాళ్లకు. మీ అమ్మ రిపోర్టు హెర్2 నెగెటివ్, దశ కూడా వేరు. ఎవరైనా ఆ పేరు చెబితే అయోమయపడకుండా ఉంటారని ఈ మాట.)

మరి అనుమతి ఉన్న నానో మందులు ఎందుకు పనికొస్తున్నాయి? నా దృష్టిలో వాటి అసలు బలం మందును ఎక్కడికి చేరుస్తాయన్న దాంట్లో కన్నా ఎక్కడికి పోనివ్వవన్న దాంట్లో ఉంది. గుండె రక్తనాళాల గోడలు బిగుతుగా ఉంటాయి. కొవ్వు బుడగ అక్కడ బయటికి కారదు, గుండెకు రక్షణ దొరుకుతుంది. 2004లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 509 మంది మహిళలకు మామూలు డాక్సోరుబిసినో, బుడగల్లోదో ఇచ్చి పోల్చారు. గుండె దెబ్బతినడం బుడగల మందులో స్పష్టంగా తక్కువ, జుట్టు రాలడమూ తక్కువ. కానీ జబ్బు మళ్లీ ముదరకుండా ఆగిన కాలం 6.9, 7.8 నెలలు, బతికిన కాలం 21, 22 నెలలు. రెండింటిలోనూ మొదటి అంకె బుడగల మందుది. అంటే ఇంచుమించు సమానం. క్యాన్సర్‌ను ఎక్కువ చంపలేదు, గుండెను ఎక్కువ కాపాడింది. బదులుగా అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, మండి, పొలుసులు ఊడటం బుడగల మందులోనే బాగా ఎక్కువ. మందు ఆ చర్మంలోకి చేరి కూర్చుంటుంది. సైడ్ ఎఫెక్ట్ ఎక్కడికీ పోలేదు, చోటు మార్చుకుంది.

గుండె గురించి వాళ్లు పెట్టిన భయం మాటకొస్తే, డాక్సోరుబిసిన్ గుండెకు ప్రమాదమన్నది నిజం, కానీ అది జీవితం మొత్తంలో ఎక్కించిన డోసును బట్టి ఉంటుంది. సాధారణంగా చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాముల దగ్గర గీత గీస్తారు. మామూలుగా ఇచ్చే నాలుగు సైకిళ్లు, ఒక్కోటి 60 చొప్పున, కలిపితే 240. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఇంకాస్త జాగ్రత్త అవసరం, అందుకే మొదలుపెట్టే ముందు ఎకో (గుండె స్కాన్) తీసి ఉంటారు. ఆ రిపోర్టు ఫైల్లో ఉందో లేదో చూడండి. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, పాదాలు వాయడం ఉంటే నాలుగో సైకిల్‌కు ముందే డాక్టరుకు చెప్పండి, మళ్లీ ఎకో తీస్తారు. అవేవీ లేకపోతే ఒక్క సైకిల్ ముందు చికిత్సను తెంపడమే పెద్ద ప్రమాదం. ఎర్ర మందు బదులు బుడగల్లోది వేయమని కూడా అడగకండి. జబ్బు మళ్లీ రాకుండా పూర్తిగా నయం చేయడానికి ఇచ్చే కీమోలో నిరూపణ ఉన్నది మామూలు మందుకే.

ఇక మీ డాక్టరుతో నిజంగా మాట్లాడాల్సిన చోటు ఒకటుంది. అది రాబోయే పాక్లిటాక్సెల్.

పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు. అందుకే దాన్ని క్రెమొఫోర్ అనే ద్రవంలో, ఆల్కహాల్‌తో కలిపి ఇస్తారు. ఆ క్రెమొఫోర్ తయారయ్యేది ఆముదం నుంచే, మన నల్లగొండ, మహబూబ్‌నగర్ చేలల్లో పండే ఆముదం జాతి గింజల నూనె నుంచి. చాలామందికి అలర్జీ తెప్పించేది మందు కన్నా ఈ ద్రవమే. అది రాకుండా ముందుగా స్టెరాయిడ్, అలర్జీ ఇంజెక్షన్లు వేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. స్టెరాయిడ్ పడిన రోజు, మర్నాడు షుగర్ బాగా పెరగడం మామూలు. అలా వారం వారం, 12 వారాలు.

దీనికి ఒక నానో జవాబు ఉంది. నాబ్-పాక్లిటాక్సెల్, మొదటి బ్రాండ్ పేరు అబ్రాక్సేన్, 2005లో ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా ఆల్బుపాక్స్ పేరుతో దీన్ని తెచ్చింది. ఇందులో ఆముదం ద్రవం ఉండదు. మన రక్తంలో సహజంగా ఉండే ఆల్బుమిన్ ప్రొటీన్‌కు మందును అంటించి దాదాపు 130 నానోమీటర్ల రేణువులుగా చేస్తారు. సీసాలో పొడిగా వస్తుంది. సిస్టర్ సెలైన్‌ను సీసా గోడ వెంబడి నెమ్మదిగా వదిలి, నురగ రాకుండా కాసేపు అలా ఉంచి, తర్వాత మెల్లగా తిప్పుతుంది. పాల రంగు వస్తుంది. అరగంటలో ఎక్కించేయొచ్చు. స్టెరాయిడ్ మామూలుగా అవసరం లేదు.

ఇది మంత్రం కాదు. నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, సూదులు గుచ్చినట్టుండటం ఇందులో మామూలు పాక్లిటాక్సెల్ కంటే ఎక్కువ. 2005 నాటి ట్రయల్‌లో తీవ్రమైన తిమ్మిరి నూటికి 10 మందికి వచ్చింది, మామూలు మందులో ఇద్దరికి (నాబ్ డోసు ఎక్కువ ఇచ్చారు, అదీ ఒక కారణం). షుగర్ వల్ల మీ అమ్మ అరికాళ్లలో ఇప్పటికే తిమ్మిరి ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. మేలు విషయంలో కూడా తేల్చి చెప్పలేం. ఆపరేషన్‌కు ముందు కీమో ఇచ్చిన జర్మన్ ట్రయల్‌లో, తర్వాత కోసి చూస్తే క్యాన్సర్ పూర్తిగా మాయమైనవాళ్లు నాబ్‌తో 38 శాతం, మామూలుదానితో 29 శాతం. ఎట్నా అనే ఇంకో ట్రయల్‌లో 22.5, 18.6. ఆ తేడా గట్టిగా నిలబడలేదు. అందుకే డాక్టర్లు దీన్ని అందరికీ రాయరు. అలర్జీ వచ్చినవాళ్లకు, స్టెరాయిడ్ ఇవ్వలేనివాళ్లకు మారుస్తారు.

కాబట్టి మీరు అడగాల్సింది: "సార్, అమ్మకు షుగర్ ఉంది కదా, స్టెరాయిడ్ డోసు తగ్గించగలమా?" మొదటి ఒకటి రెండు డోసుల్లో అలర్జీ రాకపోతే స్టెరాయిడ్‌ను క్రమంగా తగ్గించే డాక్టర్లు చాలామంది ఉన్నారు. అది పైసా ఖర్చు లేని దారి. అది కుదరకపోతే, లేదా షుగర్ అదుపు తప్పితే, నాబ్‌కు మార్చడం గురించి అడగండి. అడిగే ముందు అమ్మను చెప్పుల్లేకుండా నడిపించి, అరికాళ్లు మొద్దుబారినట్టు ఉందా అని కనుక్కోండి. జాకెట్ హుక్కు పెట్టుకోవడం, మందు స్ట్రిప్‌లోంచి మాత్ర తీయడం కష్టమవుతోందా అదీ చూడండి. డాక్టరుకు ఇవి పనికొచ్చే సమాచారం. వీడియో చూపిస్తే ఆయనకు విసుగు తప్ప ఏమీ రాదు.

బాబాయి నొచ్చుకోకుండా ఉండాలంటే ఆ సెంటర్‌కి ఇంకోసారి ఫోన్ చేయించండి, కానీ మందు పేరు అడగమనండి. "నానో కీమో" అనే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. ప్రతి సీసా మీద జెనరిక్ పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎంఆర్‌పీ ఉంటాయి. అవి రాతపూర్వకంగా ఇమ్మంటే నీళ్లు నమిలితే వదిలేయండి. "ఇది రీసెర్చ్" అంటే సీటీఆర్ఐ (మన దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడగండి. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్ ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఎవరైనా నెట్‌లో ఉచితంగా వెతికి చూడొచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, మీకు అర్థమయ్యే భాషలో కాగితం ఇచ్చి సంతకం తీసుకోవాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించి, పరిహారం కూడా ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ప్రయోగంలో ఉన్న మందుకు పేషెంటు దగ్గర లక్షలు వసూలు చేస్తున్నారంటే అది ట్రయల్ కాదు, వ్యాపారం.

డబ్బు సర్దుకుంటామన్నారు. ఎక్కడి నుంచో రాయలేదు, అడగను. 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలు. మీ దగ్గర కార్డుంటే ఇప్పుడు చూపిస్తున్న ఆసుపత్రి ఆరోగ్యమిత్ర దగ్గర మిగిలిన డోసులకు ఏమేం వర్తిస్తాయో కూర్చుని కనుక్కోండి. ఇంకో డాక్టరు మాట వినాలనిపిస్తే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్ట నిమ్స్ ఉన్నాయి. బయాప్సీ, ఆపరేషన్ తర్వాతి పాథాలజీ రిపోర్టు, ఎకో, మూడు సైకిళ్ల డిశ్చార్జ్ కాగితాలు పట్టుకెళ్లండి. రెండో అభిప్రాయం కోసం కీమో తేదీని మాత్రం దాటనివ్వకండి.

"నానో పసుపు" గొట్టాలు (క్యాప్సూల్స్) కూడా ఎవరో ఒకరు పంపుతారు, ఇప్పటికే పంపి ఉంటారు కూడా. కూరలో పసుపు సరిపోతుంది. డాక్టరుకు తెలియకుండా ఏ గొట్టమూ వద్దు.

చివరిగా, మీ అమ్మ అసలు బాధ. వాంతికి, వికారానికి ఇస్తున్న మందు చాలడం లేదని గట్టిగా చెప్పండి. మార్చడానికి, కలపడానికి మంచి మందులున్నాయి. "కీమో అంటే ఇంతేగా" అని ఓర్చుకునే ఆడవాళ్లను రోజూ చూస్తుంటాం, వాళ్లు నోరు తెరిచి చెప్పరు, పక్కనున్నవాళ్లే చెప్పాలి. నోటి పుండ్లకు గోరువెచ్చటి నీళ్లలో కాస్త ఉప్పు, కాస్త వంటసోడా వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి. అన్నం వేడి మీద వాసన ఎక్కువ, చల్లారాక పెట్టండి. పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, ఉడికించిన గుడ్డు ఏది దిగితే అది, కొంచెం కొంచెంగా. కారం, ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే. ఇంట్లో థర్మామీటర్ లేకపోతే ఇవాళే కొనండి. కీమో అయిన వారం, పది రోజులకు రక్తకణాల కౌంట్స్ బాగా పడిపోతాయి, ఆ సమయంలో జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా, అర్ధరాత్రయినా సరే, కీమో ఇస్తున్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.